లేని చట్టం చాటున

నేను అనుమానపు మనిషినని మా ఆయన సురేశ్‌బాబు ఊరంతా చెప్పి పెట్టాడు. నిజమే, కాదనను. పాలాయన నవ్వుతూ పలకరిస్తే ఆ పూట పాలలో నీళ్ళు ఎక్కువ పోశాడనుకుంటాను. ఆఫీసులో ఎవరైనా కూర్చోమని కుర్చీ చూపిస్తే నా వేలిముద్రతో వాళ్ళకేదో పని పడిందనుకుంటాను. ఇంత అనుమానం ఉన్న నేను ఒక్కదాన్ని మాత్రం నాలుగేళ్ళు కళ్ళు మూసుకుని నమ్మాను. అది అసెంబ్లీలో చేసిన చట్టం.

మాది ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో, చెరువు కట్ట కింద ఉన్న కాలనీ. మా మగవాళ్ళు చెరువులో చేపలు పడతారు, చేప దొరకని కాలంలో కూలికి పోతారు. చెరువు కింద మడులు మాత్రం ఊళ్ళో పెద్ద రైతులవి. వాళ్ళకు మడి తడవాలి, మాకు చేప బతకాలి. అందుకని ప్రతి ఏడూ ఎండలు ముదిరేసరికి తూము దగ్గర రగడ తప్పదు.

నాలుగేళ్ళ కిందట ఆ రగడ మాటలతో ఆగలేదు. ఊళ్ళో పెద్ద రైతు కొడుకు వంశీ, చివరి తడికి తూము పూర్తిగా తెరవాలన్నాడు. తెరిస్తే చేపలన్నీ బురదలో పడి చస్తాయని మా చెంచయ్య మామ అడ్డం తిరిగాడు. చెంచయ్య మా ఆయనకు వరసకు బాబాయి. కాలనీలో ఆయన విసిరినట్టు వల విసిరేవాడు ఇంకొకడు లేడు. మరుసటి పొద్దున ఆయన తూము మీద వంగి మూత బిగిస్తున్నాడు. నేను కట్ట మీద మేకలకు గడ్డి కోస్తున్నాను. వంశీ వెనక నుంచి వచ్చాడు. తూము తిప్పే ఇనప కడ్డీ తీసి మామ భుజం మీద కొట్టాడు. మామ కిందనున్న రాళ్ళ మీద పడ్డాడు. కొట్టిందెవరో ఆయన చూడలేదు. చూసింది నేనొక్కదాన్నే.

ఆ రోజు నుంచి మామ కుడి చెయ్యి పైకి లేవదు. తాగి తూము మీద నుంచి పడ్డాడని ఊళ్ళో చెప్పారు. జన్మలో ఆయన కల్లు కూడా ముట్టలేదు. అయినా నేను నోరు విప్పలేదు. భయం వేసింది, అంతే.

తర్వాత అంగన్‌వాడీలో పోలీసులు మీటింగు పెట్టారు. "సాక్షుల పేర్లు దాచే చట్టం ఒకటి అసెంబ్లీలో చేసినారమ్మా. చూసినోళ్ళు ఇంక భయపడాల్సిన పన్లేదు. మీ పేరు కోర్టులో గూడా ఎవురికీ తెలీదు" అన్నాడు ఎస్సై. బిస్కెట్ పొట్లాలు పంచారు. గోడకు ఫ్లెక్సీ కట్టారు. అందరం చప్పట్లు కొట్టాం. మా లెక్కలో మీటింగు పెట్టి, బిస్కెట్లు పంచి, ఫ్లెక్సీ కట్టారంటే ఆ చట్టం వచ్చేసినట్టే. దానికి ఇంకా ఢిల్లీలో ఎవరో సంతకం పెట్టాలనీ, పెట్టేదాకా అది ఉత్త కాగితమేననీ ఎవరికి తోస్తుంది? ఎస్సైకైనా తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

మర్నాడే స్టేషనుకు పోయి చూసిందంతా చెప్పాను. రాసుకుంటున్న కానిస్టేబులు, "నీ పేరు బయటికి రాదు గదా, మారుపేరు ఒకటి చెప్పమ్మా" అన్నాడు. నేను ఎంతో ఆలోచించి కొరమీను అన్నాను. చెరువు ఎండినా కొరమీను బురదలోకి దూరి బతుకుతుంది, ఏ వలకూ చిక్కదు. అతను నవ్వి సరేనన్నాడు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "ఏం కొరమీనమ్మా" అనే పిలిచేవాడు.

నాలుగేళ్ళు ఆ బురదలో హాయిగా ఉన్నాను. మరుసటి ఉగాది తర్వాత వంశీ మా ఆయనను పిలిచి ట్రాక్టరు మీద డ్రైవరుగా పెట్టుకున్నాడు. వంశీ తల్లి రామసుబ్బమ్మ గారు ఇంటిల్లిపాదికీ జాకెట్లు నాతోనే కుట్టించడం మొదలుపెట్టింది. తన పాత కుట్టు మిషను కూడా ఇచ్చేసింది. పోయినప్పుడల్లా గిన్నెడు పెరుగు పోసి పంపేది. నాకు లోలోపల నవ్వొచ్చేది. నీ కొడుకును బోనెక్కించేది నేనేనని తెలిస్తే ఈ పెరుగు నా మొహాన కొడతావు గదా అనుకునేదాన్ని.

చెంచయ్య మామ మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. సాక్షిని నేనేనని ఎవరూ పసిగట్టకుండా అలా చేస్తున్నాడనుకున్నాను. ముసలాయన ఎంత తెలివిగా నటిస్తున్నాడని మురిసిపోయాను కూడా.

కేసు వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి విచారణకు వచ్చింది. గురువారం ఆత్మకూరు కోర్టుకు రమ్మని కానిస్టేబులు ఫోన్ చేశాడు. ఆ వారం మొదట్లోనే జాకెట్ల లోపలి గుడ్డకని ఉదయగిరి పోయి తిరిగొస్తున్నాను. బస్సులో నా పక్కన కళ్ళజోడు పంతులు ఒకాయన ఫోన్లో వార్తలు పైకి చదువుతున్నాడు.

"అమల్లోకి రాని చట్టాలు కొన్ని రద్దు చేస్తా ఉండారంట అసెంబ్లీలో" అన్నాడు ముందు సీటాయనతో.

"ఏం చట్టాలు సార్?" అని అడిగాను. ఊరికే అడిగాను.

"పోలీసు కేసులకు సంబంధించినవమ్మా. సాక్షుల పేర్లు దాచేది ఒకటి ఉండాది ఇందులో. ఢిల్లీలో సంతకం పడలేదంట. ఒక్క పొద్దు గూడా అమల్లో లేదంట."

"లేనిదాన్ని రద్దు చేసేదేంది సార్? పుట్టని బిడ్డకు దినాలు చేస్తారా ఎవురైనా?" అన్నాను.

బస్సులో అందరూ నవ్వారు. నేను మాత్రం గురువారానికి ఇంకెన్ని రోజులో లెక్కపెట్టుకున్నాను. ముందుగా నా బుద్ధి ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది. గురువారం నా సాక్ష్యం ఉంటే, సరిగ్గా ఆ వారమే చట్టం రద్దు అవుతుందా? ఇది వంశీ పనే. వాళ్ళకు పెద్ద పెద్ద వాళ్ళు తెలుసు. నా మీద కప్పిన గుడ్డ లాగడానికి అసెంబ్లీనే కదిలించాడు. మా ఊరి స్టాపు వచ్చినా దిగలేదు. కండక్టరుకు ఇంకో టిక్కెట్టు డబ్బులిచ్చి నేరుగా ఆత్మకూరు పోయాను.

ప్రభుత్వం తరఫున మా కేసు నడిపే వకీలు పేరు శ్రీకాంత్. చిన్నవాడే. కోర్టు పక్క గదిలో టీ తాగుతున్నాడు.

"సార్, చట్టం తీసేస్తా ఉండారంట. గురువారం దాకా నా పేరు దాచగలరా?" అన్నాను.

"ఏ పేరమ్మా?"

"నా పేరే సార్. కాగితాల్లో కొరమీను అని ఉంటుంది చూడండి."

ఆయన నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. కాగితాలు తిరగేసి మెల్లగా చెప్పాడు. "కొరమీను అని ఎక్కడా లేదమ్మా. సుజాత, భర్త సురేశ్‌బాబు అనే ఉంది. నీ వాఙ్మూలం మొత్తం ఉంది."

"అంటే ఇప్పుడు వాళ్ళకు తెలిసిపోతుందా?"

"ఇప్పుడేంది? ముద్దాయి మొదటిసారి కోర్టుకు వచ్చినప్పుడే కాగితాలన్నీ ఒక నకలు ఇస్తారు. అది వాళ్ళ హక్కు. ఆ చట్టం వచ్చి ఉంటే సంగతి వేరు. అది రాలేదు గదా. నీ పేరు వాళ్ళకు ఎప్పుడో పోయింది, కేసు పెట్టిన మరుసటి ఉగాదికి ముందే."

నేను లేచి వచ్చేశాను. గుడ్డ సంచి అక్కడే మరిచిపోతే ఆయనే వెనక పిలిచి ఇచ్చాడు.

తిరుగు బస్సులో కూర్చున్నానన్న మాటే గానీ, దారిలో ఏ ఊరు వచ్చిందో, ఏది పోయిందో తెలీదు. ఉగాదికి ముందు వాళ్ళకు నా పేరు తెలిసింది. ఉగాది తర్వాత మా ఆయనకు ట్రాక్టరు వచ్చింది. ఆ తర్వాత కుట్టు మిషను. ఆ తర్వాత పెరుగు. తెలిసీ నాకెందుకు పెట్టారు? గురువారం దాకా మేపుతున్నారా? ట్రాక్టరు కింద మా ఆయన పడేట్టు ఏమైనా చేస్తారా? ఆ పూట ఇంట్లో మంచినీళ్ళు తాగాలన్నా బిందెలోకి తొంగి చూసి తాగాను.

మరుసటి రోజు పూర్తయిన జాకెట్లు తీసుకుని రామసుబ్బమ్మ గారింటికి పోయాను. పోకపోతే అనుమానిస్తారేమోనని భయం. ఆమె ఎప్పటిలాగే చాప వేసి కూర్చోమంది. కుట్లు అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకుంది. నేను లేవబోతుంటే అంది.

"గురువారం బస్సులో పడి యాతన పడబాకమ్మా. మా కార్లోనే పోదాం. సురేశే తోలతాడు."

"యాడికమ్మా?" అన్నాను.

"ఏం ఎరగనట్టు అడుగుతావేంది? కోర్టుకే. చూడలేదని ఒక్క మాట చెప్పేసి వస్తే అయిపోతాది. వస్తా వస్తా ఆత్మకూర్లో నీకు మంచి చీర ఒకటి తీసుకుందాం. నోట్లో నాలుక లేనిదానివి, నీలాంటి మనిషి దొరకడం మా అదృష్టం."

ఆమె గొంతులో బెదిరింపు లేదు. వెతికాను, ఎంత వెతికినా దొరకలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అంతా ఎప్పుడో తేలిపోయిన మాట, నాకే కొత్తగా చెబుతున్నట్టుంది. పెరుగు గిన్నె అరుగు మీదే వదిలేసి వచ్చాను.

సాయంత్రం మా ఆయన ట్రాక్టరు ఇంటి ముందు ఆపి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

"నా పేరు వాళ్ళకు తెలుసని నువ్వు ఎరుగుదువా?"

ఆయన చేతులు కడగడం ఆపలేదు. "ఎరుగుదును" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచి. కోర్టులో కాగితాలు ఇచ్చిన మర్నాడే వంశీ అయ్య నన్ను పిలిపించినాడు. నీ పెళ్ళాం చూసిందంట గదరా అన్నాడు. కొట్టలా, తిట్టలా. ట్రాక్టరు తాళం తీసి చేతిలో పెట్టినాడు. నేను తీసుకున్నా. నా పెళ్ళాం ఏమీ చెప్పదయ్యా అని చెప్పొచ్చినా."

"నన్నడక్కుండానే చెప్పినావా?"

"అడిగితే ఒప్పుకుంటావా? చట్టం ఉండాదని నువ్వు ధైర్యంగా తిరగతా ఉంటే చూసి, పోనీలే, అట్టనే ఉండనీ అనుకున్నా. నిన్ను కాపాడింది ఏ చట్టమూ గాదే. నేను."

చెయ్యెత్తి కొట్టాలనిపించింది. ఆ వెంటనే, ఇంత బరువు ఇన్నేళ్ళు ఒక్కడే ఎట్లా మోశాడా అని జాలి కూడా వేసింది. ఆ జాలి నాకు ఇంకా ఒళ్ళు మండించింది. ఊళ్ళో ప్రతివాణ్ణీ అనుమానించాను గానీ, నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషిని ఒక్క రోజు అనుమానించలేదు.

"నీ బాబాయి చెయ్యి పోయింది గదా" అన్నాను.

"ఆ చెయ్యి నువ్వు సాక్ష్యం చెప్తే లేస్తుందా?" అని ఆయన లోపలికి పోయాడు.

తెల్లవారి చెంచయ్య మామ ఇంటికి పోయాను. చూరు కింద కూర్చుని వల బాగు చేస్తున్నాడు. ఒక అంచు కాలి బొటనవేలికి తగిలించి, ఎడమ చేత్తో ముడి వేసి, పళ్ళతో బిగిస్తున్నాడు. నన్ను చూసి ఎప్పటిలాగే మొహం తిప్పుకున్నాడు.

"మామా, ఇంక దాచాల్సిన పన్లేదు. ఆ చట్టం లేదంట. సాక్షిని నేనేనని వాళ్ళకు తెలిసిపోయింది" అన్నాను.

"దాచేదేంది?" అన్నాడు ఆయన, తలెత్తకుండా.

"నేనే సాక్షినని నీకు తెలుసు గదా. అందుకే గదా నాతో మాట్లాడకుండా..."

అప్పుడు తలెత్తాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. "కాలనీలో పసిబిడ్డకు గూడా తెలుసు. నువ్వు పోలీసులకు చెప్పినావని ఎరిగిన నాడు నాకు ప్రాణం లేచి వచ్చింది. నా కొడుకులు చెయ్యని పని నా కోడలు చేసింది అనుకున్నా. తర్వాత మీ ఇంటి ముందర వాళ్ళ ట్రాక్టరు చూసినా. అప్పటినుంచి నీ మొగం చూడబుద్ధి గాలా. నటించాల్సిన ఖర్మ నాకేంది?"

అంటే కాలనీ అంతా నన్ను అమ్ముడుపోయినదానిగానే చూసింది. కుళాయి దగ్గర నేను పోగానే ఆడవాళ్ళు మాటలు ఆపేస్తే, నాకు కొత్తగా కుట్టు పని దొరికిందని అసూయ అనుకున్నాను. నన్ను ఇన్నాళ్ళూ బతకనిచ్చింది చట్టం కాదు, దాగిన పేరూ కాదు. నేను నోరు విప్పనని వాళ్ళకున్న నమ్మకం. అది తలుచుకుంటే భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. నేను అమ్ముకోలేదు మామా అని చెప్పాలనుకున్నాను. చెప్పినా ఆయన ఎందుకు నమ్మాలి? ట్రాక్టరు మా ఇంటి ముందే ఉంది.

గురువారం పొద్దున్నే మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, "కారు తెస్తా, తయారుగా ఉండు" అన్నాడు.

"నేను బస్సులో పోతా" అన్నాను.

ఆయన గడపలో నిలబడి నా మొహం చూశాడు. కోర్టులో నేను ఏం చెప్పబోతానో ఆయనకు అర్థమైపోయింది. "మనకు రేపటినుంచి ఏం ఉంటాదే?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నాకు తెలీదు అన్నాను. తెలీదు కూడా.

కోర్టు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. రామసుబ్బమ్మ గారు బెంచీ మీద తన పక్కన నాకు చోటు ఉంచింది. నేను గోడ వారగా నిలబడ్డాను. చెంచయ్య మామ ఇంకో మూల ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి బంట్రోతు బయటికి వచ్చి గొంతెత్తి మూడుసార్లు పిలిచాడు. "సుజాతా! సురేశ్‌బాబు భార్య సుజాతా! సుజాతా!" ఆత్మకూరు బజారు దాకా వినపడి ఉంటుంది.

బోనెక్కాను. వకీలు శ్రీకాంత్ అడిగాడు, ఆ రోజు ఏం చూశావని. గడ్డి కోయడం దగ్గర మొదలుపెట్టి ఇనప కడ్డీ దాకా చెప్పాను. కొట్టింది ఎవరని అడిగాడు. వంశీ అని చెప్పి, అక్కడ నిలబడి ఉన్న అతన్ని చేత్తో చూపించాను. వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది.

వాళ్ళ వకీలు లేచాడు. పెద్దాయన. "నీ భర్త వీళ్ళ దగ్గరే పని చేస్తాడు గదా? జీతం పెంచలేదని కక్షతో ఇట్లా చెబుతున్నావు గదా?"

"కక్ష ఉంటే వాళ్ళ జాకెట్లు కుడతానా సార్?"

"ఇది నిజమైతే నాలుగేళ్ళు ఎందుకు నోరు మూసుకున్నావు?"

"నేను మూసుకోలా సార్. అప్పుడే పోలీసులకు చెప్పినాను. ఆ తర్వాత నన్నెవురూ అడగలా. నేను చెప్పనని అందరూ వాళ్ళకు వాళ్ళే అనుకున్నారు."

జడ్జి గారు ఆ మాట రాయించారు.

బయటికి వచ్చేసరికి కారు కదులుతోంది. స్టీరింగు ముందు వంశీయే కూర్చున్నాడు. రామసుబ్బమ్మ గారు నా వైపు చూడలేదు. మా ఆయన టిఫిన్ క్యారియరు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. వాళ్ళు దించేశారో, తనే దిగిపోయాడో నాకు తెలీదు. అడగలేదు. ఏం చెప్పినా ఆ పూట నమ్మేదాన్ని కాదు. నేను బస్టాండు వైపు నడిచాను. ఆయన కొంచెం దూరంలో నా వెనకే వచ్చాడు.

ఉదయగిరి బస్సు అప్పటికే నిండింది. కిటికీల్లోంచి జనం సంచులూ తువ్వాళ్ళూ విసిరి సీట్లు పట్టుకుంటున్నారు. మెట్ల మీద నిలబడి లోపలికి చూశాను. ఎక్కడా చోటు లేదు. మా ఊళ్ళో దిగాక ఏముందో, రేపు ఆ ఇంటి మీదికి ఎవరొస్తారో, ఈ బస్సు వెనక ఏ కారు వస్తోందో అని తల తిరుగుతోంది. ఇప్పుడు నన్ను దాచేది ఏదీ లేదు.

మధ్యలో ముగ్గురు కూర్చునే సీటు కిటికీ పక్కన చెంచయ్య మామ ఉన్నాడు. మిగతా చోటంతా ఆయన తువ్వాలు పరిచి ఉంది. ఎవరో కూర్చోబోతే ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, మావాళ్ళు వస్తా ఉండారు అంటున్నాడు.

"సుజాతా, రా మే" అన్నాడు నన్ను చూసి. "వాణ్ణి గూడా రమ్మను."

ఇన్నేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. పోయి పక్కన కూర్చుని, ఇంత జనం ముందు ఏడుస్తున్నానని కూడా చూసుకోకుండా ఏడ్చాను.